మా ఊరి బెల్లం గోడౌన్‌ను టౌన్ హాల్ చేశారు, లోపల ఒక్క మాటా అర్థం కాదు

కాటారాళ్ళు
చిత్తూరు దగ్గర చిన్న టౌన్ మాది. పేరు వద్దులెండి, తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. మార్కెట్ వీధి చివర పాత బెల్లం గోడౌన్ ఉండేది. మండీలు ఒక్కొక్కటే మూతపడ్డాక పదేళ్ళకు పైగా తాళం వేసి గబ్బిలాలకు వదిలేశారు. దాన్ని బాగుచేసి పోయిన ఉగాదికి టౌన్ హాల్‌గా తెరిచారు. బయట నుంచి చూస్తే ముచ్చటగానే ఉంది, అబద్ధం చెప్పను. రెండడుగుల మందం గోడలు అట్లాగే ఉంచారు. పెంకులు తీసి కలర్ రేకులు వేశారు. గోడలకు సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, తెల్ల రంగు కొట్టారు. కింద నున్నటి టైల్స్.

పోయిన ఆదివారం మా తెలుగు అయ్యవారికి అందులో సన్మానం పెట్టాం. ఎనభై మంది దాకా వచ్చారు. ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. ముందు వరసలో కూర్చున్న నాకే సగం అర్థం కాలేదు, మాట మీద మాట పడి ఒకటే గోల. వెనక నుంచి "సౌండు పెంచండి" అని అరిచారు. పెంచితే ఇంకా అధ్వానం. అయిపోయాక ఆయనే నా భుజం తట్టి "నేను చెప్పింది నాకే రెండోసారి వినపడిందిరా, తప్పులు దిద్దుకోవడానికి బాగుంది" అన్నారు. పైకి నవ్వాను గానీ మనసు చివుక్కుమంది.

తొంభై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు, ఎత్తు సగటున పద్దెనిమిది. ఫాల్స్ సీలింగ్, ఏసీ అంటే లక్షల మాట. మా దగ్గర సన్మానం చందాల్లో మిగిలింది పదకొండు వేలు. తక్కువలో ఏమైనా చేయొచ్చా? లేక గోడౌన్ ఎప్పటికీ గోడౌనేనా?

పీలేరుబస్సు
పడగొట్టి కొత్తది కట్టుకోవాల్సింది. పాత గోడలకు రంగులేసి ప్రారంభోత్సవాలు చేసుకోవడం ఎందుకు?

తోతాపురి
ఒక మాట అంటే మూడుసార్లు వినపడే హాలా! నాయకులకు అంతకంటే ఏం కావాలి. చప్పట్లు కూడా మూడింతలు పడతాయి.

మైక్‌సెట్‌మణి
కాటారాళ్ళు అన్నా, ఇరవై ఏళ్ళుగా మైకులు కట్టేవాడిగా ఒక మాట. ఇలాంటి హాల్లో సౌండు పెంచడం అంటే మంటలో నూనె పోయడమే. స్టేజీకి అటు ఇటు రెండు పెద్ద బాక్సులు పెట్టి వెనక దాకా కొట్టించాలని చూస్తారు. ఆ శబ్దమంతా వెనక గోడకు తగిలి తిరిగొస్తుంది. దానికి బదులు పక్క గోడల పొడవునా చిన్న బాక్సులు ఆరో ఎనిమిదో, మనిషి తలకు కొంచెం పైన, జనం వైపు కిందికి వంచి పెట్టు. ఒక్కోదాన్ని తక్కువ సౌండులో నడుపు. మైకు నోటికి దగ్గరగా, బొటనవేలంత దూరంలో ఉండాలి. ఇంతకంటే నా చేతిలో ఏమీ లేదు. గదిలోనే తప్పు ఉంటే మైకువాడిని తిట్టి లాభం లేదు. తిట్టే ఉంటారు, నాకు తెలుసు.

కాటారాళ్ళు
తిట్టాం. పాపం అతనికి మిగతా డబ్బులు ఇచ్చేటప్పుడు క్షమాపణ చెప్తాను.

మైక్‌సెట్‌మణి
డబ్బులు ఇంకా ఇవ్వలేదా??

లెక్కలమాస్టారు
కొలతలు ఇచ్చారు కాబట్టి లెక్క వేశాను. మీటర్లలో సుమారు 27 × 12 × 5.5. అంటే ఘనపరిమాణం 1,780 ఘనపు మీటర్ల దగ్గర. శబ్దం ఆగాక అది ఎంతసేపు గదిలో తచ్చాడుతుందో చెప్పే సూత్రం ఒకటుంది: 0.161ని ఘనపరిమాణంతో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చుకునేవాటి మొత్తంతో భాగించాలి. పుట్టీ గోడలు, టైల్స్, రేకులు దాదాపు ఏమీ పీల్చుకోవు. మొత్తం కలిపినా 54 చదరపు మీటర్ల పీల్పు అనుకోండి. ఖాళీ హాల్లో సుమారు 5 సెకన్లు వస్తుంది. మనిషి ఒక్కొక్కరు 0.45 చదరపు మీటర్ల దాకా పీల్చుకుంటారు, బట్టలు, ఒళ్ళు కలిపి. ఎనభై మంది వస్తే 3 సెకన్ల పైచిలుకు. మూడు వందల మంది వస్తే ఒకటిన్నర.

ఉపన్యాసానికి 1 సెకను దగ్గర ఉండాలి. మనం సెకనుకు ఐదారు అక్షరాలు పలుకుతాం. అంటే మీ అయ్యవారు పదహారో అక్షరం పలికేటప్పటికి మొదటి అక్షరం ఇంకా పైకప్పు కింద తిరుగుతూనే ఉంది. అర్థం కాకపోవడంలో వింత లేదు.

ఈ సూత్రం పుట్టిన కథ కూడా మీ సంగతే. 1895లో అమెరికాలో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఉపన్యాసాల గదిలో ఎవరికీ ఏమీ వినపడటం లేదని శాబిన్ అనే కుర్ర అధ్యాపకుడికి పని అప్పగించారు. అక్కడా ఐదున్నర సెకన్లు. ఆయన పక్కనున్న థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిళ్ళు మోయించుకొచ్చి, ఒక్కో మెత్త పెంచుతూ చెవితో, గడియారంతో కొలిచాడు. తెల్లారేలోపు మెత్తలన్నీ తిరిగి థియేటర్‌కు పోవాలి.

తోతాపురి
పెళ్ళికి మూడు వందల మంది వస్తారు, అప్పుడు బాగా వినపడుతుంది. కానీ పెళ్ళిలో ఎవరు వింటారు సార్?

హమాలీకొడుకు
చదువుతా ఉంటే ఒళ్ళు జలదరించింది. ఆ గోడౌన్ నాకు తెలుసు. కాటారాళ్ళు అన్నా, పేరు చెప్పకపోయినా తెలిసింది. మార్కెట్ వీధి చివర, ముందు వేపచెట్టు, అవునా? మా నాయన అందులో పాతికేళ్ళు మూటలు మోశాడు.

చిన్నప్పుడు అన్నం క్యారియర్ తీసుకొని పోయేవాడిని. సీజన్‌లో నేల నుంచి వాసాల దాకా బెల్లం మూటలే. మధ్యలో ఇద్దరు మనుషులు పట్టే సందు. ఆ చివర ఉన్న నాయనను ఈ చివర నుంచి పిలిస్తే వినపడేది కాదు. గొంతు చించుకున్నా నా మాట నా కాళ్ళ దగ్గరే పడిపోయినట్టు ఉండేది. అందుకే వాళ్ళు ఈలలతో మాట్లాడుకునేవాళ్ళు. ఒక ఈల అంటే లారీ వచ్చింది, రెండంటే కాటా దగ్గరికి రండి. "మాట గోనెలో పడిపోతుందిరా" అనేవాడు నాయన. లోపల మాట్లాడుకునే రహస్యాలు బయట మండీ గుమాస్తాకు పొరపాటున కూడా వినపడవు. కూలి రేటు పెంచమని అడగాలన్న మాట మొదట అనుకున్నది ఆ మూటల మధ్యనే అంట.

మాస్టారు చెప్పిన మెత్తల కథ వింటే ఇదే గుర్తొచ్చింది. ఒకే గోడౌన్ కదా. అప్పుడు అరిచినా వినపడలేదు, ఇప్పుడు గుసగుసలాడినా మోగుతా ఉండాది.

లెక్కలమాస్టారు
మీ నాయన గారు ఒక్క వాక్యంలో చెప్పింది నేను మూడు పేరాల్లో రాశాను. వందనం.

పాకాలజంక్షన్
అయితే గోనె సంచులే వేలాడదీయండి. గోడలకు. చవక. మండీల్లో ఖాళీవి దొరుకుతాయి.

తోతాపురి
టౌన్ హాల్ కాస్తా మళ్ళీ గోడౌన్! కౌన్సిల్‌లో తీర్మానం పెట్టండి.

నిప్పురవ్వ
ఆగండి ఆగండి. గోనె అంటే ఎండిన నార. ఒక్క దీపం, ఒక్క షార్ట్ సర్క్యూట్ చాలు. ఢిల్లీలో ఉపహార్ సినిమా హాల్ సంగతి మరిచిపోయారా? 1997 జూన్ 13, 59 మంది పోయారు. చాలామంది కాలిపోలేదు, పొగకు ఊపిరాడక, బయటకు దారి దొరక్క పోయారు. సంచులు వేలాడదీసే ముందు ఒక ప్రశ్న అడగండి: ఆ హాలుకు తలుపులు ఎన్ని? లోపలికి తెరుచుకుంటాయా, బయటకా?

కాటారాళ్ళు
ముందు రెండు షట్టర్లు, పాతవే, రంగు వేశారు. వెనక ఒక చెక్క తలుపు. దాని ముందు స్టేజీ కట్టారు.

నిప్పురవ్వ
చూశారా. జనం తోసుకుంటే షట్టర్ పైకి లేవదు, అది తప్పించుకునే దారి కిందికి రాదు. స్టేజీ వెనక తలుపు ఉన్నా లేనట్టే. మీరు మాట వినపడటం లేదని బాధపడుతున్నారు, నాకు ఇది చదివాక నిద్ర పట్టేలా లేదు. కనీసం పక్క గోడలో ఇంకో ద్వారం తీసి, రెక్కలు బయటకు తెరుచుకునేలా పెట్టమని రాతపూర్వకంగా ఇవ్వండి. సభ జరిగేంతసేపూ రెండు షట్టర్లూ పూర్తిగా పైకి లేపి, కొక్కెం వేసి ఉంచండి.

సంచుల విషయానికొస్తే, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తే మంట తొందరగా అంటుకోదు. తడిస్తే ఆ మందు పోతుంది, మళ్ళీ నానబెట్టాలి. కరెంటు వైర్లకు దూరంగా కట్టండి.

సున్నంబట్టీ
శబ్దం గురించి నాకు తెలీదు, నేను గోడల మనిషిని. కాటారాళ్ళు గారూ, ఒకటి అడుగుతాను. వానలు పడ్డాక కింద మూడు నాలుగు అడుగుల మేర పుట్టీ ఉబ్బి పొరలు పొరలుగా ఊడుతోందా? టైల్స్ వేయకముందు కింద పోసిన కాంక్రీటు ఎక్కడైనా పొడి పొడి అయిందా?

కాటారాళ్ళు
మీరెవరండీ బాబూ, జాతకం చెప్తున్నారు. వెనక మూల కాంక్రీటు రెండుసార్లు పోశారు. మొదటిది రెండు రోజులైనా గట్టిపడలేదు, కాలితో రాస్తే పొడి వచ్చింది. కాంట్రాక్టర్ ఇసుక మంచిది కాదన్నాడు, ఇసుకవాడు సిమెంటు పాతదన్నాడు. గోడల పుట్టీ మొన్నటి వానకే ఊడింది.

సున్నంబట్టీ
ఇసుకదీ కాదు, సిమెంటుదీ కాదు. బెల్లం! ఏళ్ళ తరబడి బెల్లం కారి నేల తాగేసింది. సిమెంటుకు చక్కెర శత్రువు. 50 కిలోల బస్తాకు పాతిక గ్రాముల చక్కెర కలిసినా గట్టిపడటం గంటల కొద్దీ ఆలస్యమవుతుంది, ఇంకా ఎక్కువైతే అసలు గట్టిపడదు. పాత నేలను అడుగు లోతు తవ్వి తీసేసి, కొత్త మట్టి కొట్టి, మధ్యలో మందపాటి ప్లాస్టిక్ షీట్ పరిచి ఆపైన పోయాలి.

తమాషా ఏమిటంటే సున్నానికి బెల్లం చుట్టం. ఆ రెండడుగుల గోడలు కట్టినప్పుడు సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసి గానుగలో తిప్పే ఉంటారు. మన వైపు పాత మిద్దెలన్నీ అట్లా కట్టినవే. మా తాత చెప్పేవాడు, కూలీల పిల్లలు ఆ బెల్లం నీళ్ళు తాగకుండా కాపలా పెట్టేవాళ్ళట.

అట్లాంటి గోడ తేమను పీల్చి మళ్ళీ బయటకు వదులుతుంది. దాని మీద సిమెంటు పూసి పుట్టీ పెడితే ముక్కు మూసినట్టు. తేమ బయటకు పోలేక పుట్టీని తోసేస్తుంది. ఇంకోసారి పుట్టీ పెట్టించకండి, డబ్బు దండగ. సిమెంటు చెక్కించి, సున్నం పూత పూసి, పైన సున్నం వెల్ల వేయించండి. నున్నగా ఉండదు, పెళ్ళివాళ్ళ ఫొటోలకు అంత బాగోదు. గరుకుగా ఉంటుంది, మాస్టారు గారి శబ్దానికి కూడా కాస్తో కూస్తో మేలు.

లెక్కలమాస్టారు
కాస్తే. గరుకు గోడతో పెద్ద తేడా రాదు. అయినా కాదనను.

పాకాలజంక్షన్
నేల బెల్లం తాగితే చీమలు ఏమయ్యాయి?

కాటారాళ్ళు
చీమల సంగతి అడగొద్దు. సన్మానం రోజు పూలదండలో ఉన్నాయి. అయ్యవారు మెడ గోక్కుంటూనే పద్యం చదివారు.

పీలేరుబస్సు
ఇంత గోల ఉందనే కదా పడగొట్టమన్నది నేను. చెవి, ముక్కు, కాలు, అన్నీ జబ్బే ఆ బిల్డింగుకు.

సున్నంబట్టీ
పడగొడితే ఆ గోడ మళ్ళీ కట్టేవాడు ఎక్కడ దొరుకుతాడన్నా? జబ్బు బిల్డింగుది కాదు, వైద్యం చేసినవాళ్ళది.

కొచ్చిన్‌కుర్రోడు
నేను పనిచేసేది కొచ్చిలో. ఇక్కడ ఫోర్ట్ కొచ్చిలో ఆస్పిన్‌వాల్ హౌస్ అని సముద్రం ఒడ్డున పాత వ్యాపార కంపెనీ గోడౌన్లు ఉన్నాయి, సుగంధ ద్రవ్యాలు, కొబ్బరినార, ఇలాంటివి నిల్వ చేసేవాళ్ళు. 2012లో మొదలైన కొచ్చి బినాలే కళా ప్రదర్శనలకు చాలా ఏళ్ళు అదే ముఖ్యమైన చోటుగా ఉండేది. నేను చూసినప్పుడు నచ్చింది ఏమిటంటే అన్నిటినీ కొత్తగా చేయలేదు. పాత చెక్క కిటికీలు, సున్నం గోడలు చాలావరకు అట్లాగే ఉన్నాయి. అయితే అది బొమ్మలు చూసే చోటు, ఉపన్యాసం వినే చోటు కాదు. పోలిక పూర్తిగా కుదరదని నాకూ తెలుసు.

చక్రాలకుర్చీ
ఇంతమంది ఇంత మాట్లాడారు, ఎవరూ లోపలికి ఎట్లా పోతారని అడగలేదు. గోడౌన్ నేల లారీ ఎత్తుకు కదా ఉంటుంది?

కాటారాళ్ళు
మూడున్నర అడుగుల ఎత్తు. ముందు ఏడు మెట్లు. పక్కన ర్యాంపు ఉంది గానీ...

చక్రాలకుర్చీ
ఆ "గానీ" నాకు తెలుసు. క్యాటరింగ్ వాళ్ళ సామాన్లకు వేసింది, నిటారుగా ఉంటుంది, అవునా? ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మూడున్నర అడుగులకు నలభై రెండు అడుగులు, మధ్యలో ఒక చదునైన చోటు, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం పాత ప్రభుత్వ భవనాలకు కూడా వర్తిస్తుంది. మీ గోడౌన్ పక్క గోడ తొంభై అడుగులు కాబట్టి చోటు లేదనే సాకు లేదు.

నిరుడు వేరే ఊళ్ళో ఒక హాల్లో బహుమతి ఇస్తామని పిలిచారు. నలుగురు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తుకొని పోయారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను మాత్రం మెట్లు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను, వదిలేస్తారేమో అని. బహుమతి ఏమిటో గుర్తు లేదు. మెట్లు తొమ్మిది.

పీలేరుబస్సు
ఎవరో ఒకరిద్దరి కోసం నలభై అడుగుల ర్యాంపు...

హమాలీకొడుకు
పీలేరు అన్నా, పాతికేళ్ళు ఆ ఎత్తుకు మూటలు మోసినోళ్ళ మోకాళ్ళు ఇప్పుడు ఎట్లుంటాయో వచ్చి చూడు. మా నాయన ఏడు మెట్లు ఎక్కలేడు. ఒకరిద్దరు కాదు, ఆ వీధిలోనే ముప్పై మంది ఉండారు.

పీలేరుబస్సు
తప్పయింది. ఆలోచించకుండా రాశాను.

పొదుపులక్ష్మి
నా బాధ వేరే. హాలు మాకు దొరికితేగా అందులో వినపడేదీ లేనిదీ తెలిసేది! మా మహిళా సంఘాలకు నెలకోసారి మీటింగ్‌కు ఇస్తామని ప్రారంభంలో చెప్పారు. ఇప్పుడు ముహూర్తాలు ఉన్న రోజు అడిగితే పెళ్ళికి బుక్ అయింది అంటారు, ముహూర్తం లేని రోజు అడిగితే వాచ్‌మన్ రాలేదంటారు. టౌన్ హాల్ అని బోర్డు ఉంది, లోపల అంతా కళ్యాణ మండపమే.

పాకాలజంక్షన్
పెళ్ళిళ్ళ అద్దె లేకపోతే కరెంటు బిల్లు ఎవరు కడతారక్కా? కోపం వద్దు, నిజం చెప్తున్నా.

పొదుపులక్ష్మి
కోపం లేదు తమ్ముడూ. పెళ్ళిళ్ళకు ఇవ్వొద్దని నేను అనలేదే. నెలలో నాలుగు రోజులు ఊరి పనులకని ముందే రాసిపెట్టి, ఆ కాగితం గేటు మీద అంటించమంటున్నా. ఆ నాలుగు రోజులు ఎంతటివాళ్ళ పెళ్ళయినా సరే ఇవ్వకూడదు. అద్దె ఎంత వస్తోంది, ఎక్కడికి పోతోంది అని సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇంకా పన్నెండు రోజులు ఉంది, చూస్తా.

తోతాపురి
అక్కతో పెట్టుకోవద్దు బ్రో.

దుర్యోధనవేషం
మాది వీధి నాటకం మేళం. మన వైపు ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది కదా, పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జున తపస్సు మాను ఎక్కడం, చివరి రోజు దుర్యోధన వధ, నిప్పుల గుండం. ఆ ఆట హాల్లో ఆడేది కాదు, ఆడకూడదు కూడా. కానీ సాధనకు మాకు చోటు లేదు. ఎవరింట్లో పద్యాలు అందుకున్నా పక్కింటివాళ్ళు తిడతారు.

ఒకసారి ఆ గోడౌన్ హాల్లో గంట సేపు పాడాం, వాచ్‌మన్ మనోడే. చెప్తే నమ్మరు, పద్యానికి ఆ హాలు బంగారం! రాగం తీసి వదిలితే పైన తిరిగి తిరిగి మెల్లగా దిగుతుంది. హార్మోనియం లేకుండానే గొంతుకు తోడు దొరికినట్టు. మీరు గోనెలు కట్టి దాన్ని చంపేయకండి సామీ.

లెక్కలమాస్టారు
ఈయన చెప్పింది నిజం. సాగదీసే పాటకు రెండు సెకన్లయినా బాగుంటుంది, మాటకు అది ఎక్కువ. అందుకే గోనెలను గోడకు మేకులతో కొట్టకండి. తీగ మీద కర్టెన్ లాగా జరుపుకునేటట్టు కట్టండి. ఉపన్యాసం ఉంటే పరచండి, పద్యాలు ఉంటే ఒక మూలకు లాగండి. ఇంకొకటి: గోడకు ఆనించి కట్టొద్దు. జానెడు ఖాళీ వదిలితే బరువైన శబ్దాలను కూడా కొంత పట్టుకుంటుంది. ఒక్క పొర పలుచగా ఉంటుంది, రెండు మూడు పొరలు కుట్టించి కుచ్చిళ్ళు పోసి కట్టండి. ముందు స్టేజీకి ఎదురుగా ఉన్న గోడ.

సున్నంబట్టీ
జానెడు ఖాళీ ఉంటే గోడకు గాలీ ఆడుతుంది. మాస్టారుకు నా ఓటు.

బుగ్గమఠం
పేరు ఏం పెట్టారు హాలుకి? మా తిరుపతిలో మహతి ఉంది, చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం ఉంది. మీది?

కాటారాళ్ళు
మూడు పార్టీలు మూడు పేర్లు ఇచ్చాయి. అందుకే ఏ పేరూ పెట్టలేదు. జనం బెల్లం హాల్ అంటున్నారు.

తోతాపురి
దాన్ని మించిన పేరు పెట్టలేరు, వదిలేయండి.

కాటారాళ్ళు
పది రోజుల తర్వాత రాస్తున్నాను. అడిగి, బతిమాలి, వాచ్‌మన్‌కు టీ తాగించి ఒక మధ్యాహ్నం హాలు తీయించాం. మండీలో ఖాళీ గోనెలు నూట ఇరవై తెచ్చాం, దులిపితే వచ్చిన దుమ్ముకు అందరం తుమ్మాం, ఆ తుమ్ములు కూడా మోగాయి. బోరాక్స్ నీళ్ళలో నానబెట్టి మూడు రోజులు మా మిద్దె మీద ఆరేశాం. మా ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు. టైలర్ మూడేసి పొరలు కలిపి కుట్టాడు. వెనక గోడకు సరిపోయినంత మేర కట్టాం. అన్నీ కలిపి ఎనిమిది వేల నాలుగు వందలు.

చప్పట్లు కొట్టి ఫోన్‌లో రికార్డు చేశాం, కట్టకముందు, కట్టాక. ముందు "ఠా" అంటే గుళ్ళో గంట కొట్టినట్టు సాగింది. తర్వాత అంత లేదు. పూర్తిగా పోలేదు, ఖాళీ హాల్లో ఇంకా మోగుతోంది. కానీ నేను స్టేజీ మీద న్యూస్ పేపర్ చదివితే వెనక చివర నిలబడ్డ మా వాడు పదం పదం తిరిగి చెప్పాడు. మణి అన్న చెప్పినట్టు చిన్న బాక్సులు కూడా పెడితే సరిపోయేలా ఉంది. మైకతనికి డబ్బులు ఇచ్చేశాం.

ఇంకో సంగతి. వెనక గోడ మీద ఊడిన పుట్టీ గోనెలు కట్టేటప్పుడు ఇంకాస్త రాలింది. లోపల పాత సున్నం మీద నల్లగా గీతలు కనపడ్డాయి, తారుతో గీసినట్టు. నాలుగు నిలువు, మీద ఒక అడ్డం. అట్లా వరసలు వరసలు.

హమాలీకొడుకు
మూటల లెక్క అది. ఐదు మూటలకు ఒక కట్ట. గుమాస్తా పుస్తకంలో ఒక లెక్క ఉండేది, వీళ్ళు గోడ మీద వాళ్ళ లెక్క రాసుకునేవాళ్ళు, సాయంత్రం కూలి దగ్గర తేడా రాకుండా. నాయనకు చదువు రాదు. ఆయన వరస చివర ఒక సున్నా చుట్టేవాడు, అది తన గుర్తు. అన్నా, సున్నా చుట్టినవి ఏమైనా ఉండాయా?

కాటారాళ్ళు
రేపు చూసి చెప్తా.

సున్నంబట్టీ
ఆ గోడ మీద ఎవరినీ చేయి వేయనీయకండి. మిగతా పుట్టీ నేను వచ్చి చెక్కి తీస్తాను, కూలి వద్దు, బస్సు చార్జీ ఇవ్వండి చాలు. ఆ గీతలున్న చోట వెల్ల కూడా వేయొద్దు.

కాటారాళ్ళు
ఉన్నాయి. ఎడమ మూలలో, నా ఛాతీ ఎత్తులో. సున్నా చుట్టినవి పదకొండు వరసలు. ఫొటో నీకు విడిగా పంపాను.

హమాలీకొడుకు
చూపించా. చాలాసేపు ఫోన్ పట్టుకొని చూశాడు. తర్వాత "నాలుగో వరసలో ఒక గీత తక్కువ ఉంది, ఆ రోజు జారిపడ్డా" అన్నాడు.

పొదుపులక్ష్మి
అర్జీకి జవాబు వచ్చింది. అద్దె లెక్క సగమే ఇచ్చారు, అప్పీలు వేస్తా. కానీ నెలకు రెండు రోజులు ఊరి పనులకు అని కాగితం రాసి గేటుకు అంటించారు. నాలుగు అడిగితే రెండు. ముందు ఇవి తీసుకుందాం.

నిప్పురవ్వ
పక్క తలుపు?

కాటారాళ్ళు
అర్జీ ఇచ్చాం, ర్యాంపుకు కూడా అందులోనే రాశాం. పరిశీలిస్తాం అన్నారు. అప్పటిదాకా షట్టర్లకు కొక్కేలు మేమే వేయించాం.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి హాలు ఖాళీ. రెండో ఆదివారం సాయంత్రం ఐదుకు అయ్యవారిని మళ్ళీ పిలిచాం. ఆయన మాట అయ్యాక గోనెలు పక్కకు లాగి దుర్యోధనుడి పద్యాలు. అందరూ రావాలి.

తోతాపురి
ఈసారి నలభై నిమిషాలూ స్పష్టంగా వినపడుతుందన్నమాట. బాగా ఆలోచించే పిలిచారా?

హమాలీకొడుకు
నాయన వస్తానంటా ఉండాడు. ఐదు గంటలకు మెట్ల దగ్గర ఇద్దరు నిలబడండన్నా. ఎత్తుకోవద్దు, చేయి ఇస్తే చాలు.